రీఫ్ ట్యాంక్ ఇసుకలో కుళ్ళిన గుడ్ల వాసన: హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకోకుండా చూసుకోవడం ఎలా

నాలుగేళ్లు నడిచిన నాలుగు అడుగుల రీఫ్ ట్యాంక్‌ను, అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీటి ట్యాంక్‌ను, కూకట్‌పల్లి నుంచి మియాపూర్‌కు మార్చిన రోజు, నేను అన్నీ తీశాను గానీ ఇసుక తీయలేదు. చేపలు, కోరల్స్, రాళ్లు డబ్బాల్లోకి వెళ్లాయి. నీళ్లు మూడొంతులు డ్రమ్ముల్లోకి తోడాను. అడుగున ఎనిమిది సెంటీమీటర్ల ఇసుక, దాని మీద నాలుగు వేళ్ల నీళ్లు మిగిలాయి. అందులో మంచి బ్యాక్టీరియా ఉంది, పారేస్తే ట్యాంక్ మళ్లీ మొదటికొస్తుందని నా భయం. ట్రాలీ ఆటోలో గతుకుల రోడ్డు మీద ఆ ఇసుకంతా అటూ ఇటూ కదిలింది. రాత్రి పది గంటలకు నీళ్లు పోసి, చేపల్ని వదిలి పడుకున్నాను. నీళ్లు పోసేటప్పుడు ముక్కుకు ఏదో వాసన తగిలింది కానీ, అలసటలో పట్టించుకోలేదు. తెల్లారేసరికి గోబీ చేప రాయి కింద చచ్చిపడి ఉంది. నత్తలు వెల్లకిలా పడి ఉన్నాయి. క్లౌన్ చేపలు రెండూ పైకి వచ్చి నోరు తెరిచి ఊపిరి కోసం కొట్టుకుంటున్నాయి.

ఆ వారం భీమవరం దగ్గర వెనామీ రొయ్యల చెరువులు చేసే మా బాబాయికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. రీఫ్ ట్యాంక్ అంటే ఏంటో ఆయనకు తెలీదు. అయినా సగం వినగానే విషయం పట్టేశాడు. చెరువు అడుగును కదపడానికి వాళ్లు గొలుసు లాగుతారు. "మేత ఎక్కువైతే అడుగు నల్లబడుద్దిరా. నల్లబడ్డాక గొలుసు లాగితే రొయ్య తేలుద్ది. గొలుసు మొదటి నుంచీ లాగాలి, లేదంటే ఆ పంట అయ్యేదాకా అడుగు జోలికి పోకూడదు" అన్నాడు. అప్పటి నుంచి నా ట్యాంకులన్నీ ఆ మాట ప్రకారమే నడుస్తున్నాయి. ఇసుకను మొదటి రోజు నుంచీ శుభ్రం చేస్తూ ఉండాలి, లేకపోతే అసలు ముట్టుకోకూడదు. మధ్యలో మనసు మార్చుకున్నప్పుడే చేపలు చస్తాయి.

ఆ వాయువు ఎక్కడి నుంచి వస్తుంది

ఇది తెలిస్తే తర్వాతి పనులు గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం ఉండదు, వాటంతట అవే తోస్తాయి. కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం.

ఇసుకలో పడిన మేత ముక్క, చేప రెట్ట, చచ్చిన నాచు బ్యాక్టీరియాకు తిండి. ఆ తిండిని అరిగించుకోవడానికి అవి ముందు నీటిలోని ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. ఆక్సిజన్ అయిపోతే నైట్రేట్‌ను వాడే బ్యాక్టీరియా రంగంలోకి దిగుతుంది. నైట్రేట్ కూడా అయిపోతే మాంగనీస్, ఆ తర్వాత ఇనుము. అవన్నీ అయిపోయాక సల్ఫేట్ వంతు వస్తుంది. డీసల్ఫోవిబ్రియో లాంటి బ్యాక్టీరియా సల్ఫేట్‌ను వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన దానిదే.

మంచినీళ్ల ట్యాంకులో ఈ బెడద తక్కువ, ఎందుకంటే ఆ నీటిలో సల్ఫేట్ కొద్దిగానే ఉంటుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2.7 గ్రాములు ఉంటుంది. మనం కలుపుకునే సాల్ట్ మిక్స్‌లోనూ అంతే. అంటే సల్ఫేట్ ఎప్పటికీ అయిపోదు. మన చేతిలో ఉన్నవి రెండే: ఇసుకలోకి దిగే తిండిని తగ్గించడం, ఆక్సిజన్‌నో నైట్రేట్‌నో అక్కడిదాకా చేరనివ్వడం.

ఇసుకలో నల్లటి చార కనిపించగానే చాలామంది టెన్షన్ పడతారు. ఆ నలుపు వాయువుది కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్‌గా గట్టిపడితే వచ్చే రంగు అది. ఒక రకంగా అక్కడ కొంత విషం ఇనుముకు చిక్కి ఆగిపోయిందని అర్థం. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల బురదలో కాలు పెడితే వచ్చే నలుపూ, వాసనా ఇవే. అక్కడ పీతలు, చేపలు హాయిగా బతుకుతాయి. కారణం ఏమిటంటే, కింద పుట్టిన సల్ఫైడ్ మెల్లగా పైకి వస్తుంటే పై పొరలోని బ్యాక్టీరియా దాన్ని ఆక్సిజన్‌తో కలిపి మళ్లీ సల్ఫేట్‌గా మార్చేస్తుంది. ఈ కాపలా మెల్లగా వచ్చేదాన్ని ఆపగలదు. మన చేయి దిగి ఒక్కసారిగా అంతా లేపేస్తే ఆపలేదు.

చేపల్లో ఈ విషం కణాలు ఆక్సిజన్‌ను వాడుకునే చోటునే మూసేస్తుంది. సయనైడ్ కూడా అక్కడే దెబ్బ కొడుతుంది. అందుకే నీటిలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా చేప ఊపిరాడనట్టే కొట్టుకుంటుంది. పీహెచ్ కూడా ఇక్కడ ముఖ్యం. రీఫ్ నీటి మామూలు పీహెచ్ 8.2 దగ్గర సల్ఫైడ్‌లో పదో వంతు కన్నా తక్కువే విషపు వాయువు రూపంలో ఉంటుంది. పీహెచ్ 7 దగ్గరికి దిగితే అది దాదాపు మూడో వంతుకు పెరుగుతుంది. డబ్బాల్లో గంటల తరబడి పెట్టిన నీళ్లలో పీహెచ్ పడిపోతుందని గుర్తుంచుకుంటే, ఇల్లు మారిన రోజే ఎందుకు అంత నష్టం జరుగుతుందో అర్థమవుతుంది.

మొదటి అడుగు: లోతు తేల్చుకోండి

ట్యాంక్ కొనకముందే తేల్చుకోవాల్సిన విషయం ఇది.

నా సలహా రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లు. 120 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ట్యాంకులో మూడు సెంటీమీటర్లంటే పదహారు లీటర్ల ఇసుక, అంటే ఇరవై కిలోలకు కాస్త పైన. ఈ లోతులో నీటి కదలిక, నత్తలు, అడుగు చెత్తను నీళ్లతో పాటు లాగే మీ సైఫన్ గొట్టం అన్నీ అడుగుదాకా చేరతాయి. దాదాపు అన్ని ఇళ్లకూ ఇదే సరిపోతుంది.

రెండో దారి, పది నుంచి పదిహేను సెంటీమీటర్ల లోతైన ఇసుక. కింది పొరల్లో ఆక్సిజన్ ఉండకూడదనే దాన్ని అలా వేస్తారు. అక్కడి బ్యాక్టీరియా నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి బయటికి పంపుతుంది. మొనాకోలో జాన్ జోబేర్ అనే శాస్త్రవేత్త ఇసుక కింద ఖాళీ నీటి అర ఉంచి ఇలాంటి పద్ధతినే నడిపి చూపించారు. ఈ దారి పట్టినవాళ్లు సన్నటి ఇసుక వేయాలి, అందులో పురుగులు, చిన్న జీవాలు పుష్కలంగా ఉండాలి, ఇసుకను ఎప్పుడూ గోకకూడదు. ఇల్లు మారితే ఆ ఇసుక పారేయడానికి సిద్ధపడాలి. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు నేను ఇది చెప్పను.

లోతైన ఇసుక కావాల్సిందే అనుకుంటే, దాన్ని ట్యాంకులో కాకుండా విడిగా ఒక బకెట్లో పెట్టుకోండి. ఇరవై లీటర్ల బకెట్లో పదిహేను, ఇరవై సెంటీమీటర్ల సన్న ఇసుక వేసి, దాని మీదుగా సంప్ (ట్యాంక్ కింద ఉండే ఫిల్టర్ తొట్టి) నీళ్లు జోరుగా పారేలా చేయాలి. ఆ నీటిని ముందు ఫిల్టర్ సాక్ (వడకట్టే సంచి) గుండా పంపితే చెత్త ఇసుక మీద పడదు. రాళ్లు వద్దు, లైటు వద్దు. ఏదైనా తేడా వస్తే రెండు గొట్టాలు ఊడదీసి బకెట్‌ను బయట పెట్టేయొచ్చు.

ఐదు నుంచి తొమ్మిది సెంటీమీటర్ల మధ్య మాత్రం వద్దు. అడుగున ఆక్సిజన్ అందనంత లోతు, పైన మనం చేయి పెట్టకుండా ఉండలేనంత పల్చన. నా ఎనిమిది సెంటీమీటర్లు అదే.

రెండో అడుగు: ఇసుక, రాళ్లు

అరగొనైట్ (ఒక రకం క్యాల్షియం కార్బొనేట్) ఇసుక వాడండి. రేణువు ఒకటి, రెండు మిల్లీమీటర్లు ఉంటే తక్కువ లోతుకు బాగుంటుంది. మరీ పంచదారలాంటి సన్నది గట్టి వేవ్‌మేకర్ (నీటిని అలల్లా కదిపే పంపు) ముందు తుఫానులా లేచి కోరల్స్ మీద పడుతుంది. మూడు మిల్లీమీటర్లు దాటిన క్రష్డ్ కోరల్ సందుల్లోకి మేత జారిపోతుంది, అక్కడి నుంచి ఎవరూ తీయలేరు. పొడి ఇసుకను నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. అందులోని పిండి కిందికి చేరి సిమెంటులా పేరుకుంటే ఆ ముద్ద కిందే ఆక్సిజన్ ఆగిపోతుంది.

విశాఖ, భీమిలి బీచుల నుంచి ఇసుక తెచ్చుకుందామని కొందరు అడుగుతుంటారు. తేకండి. భీమిలి ఇసుకలో నల్లగా మెరిసేది ఇల్మెనైట్ లాంటి బరువైన ఖనిజం. అది అరగొనైట్ కాదు, పీహెచ్‌కు ఏ సాయమూ చేయదు. సముద్రం నుంచి రాళ్లు, కోరల్ ముక్కలు ఏరుకురావడం అయితే నేరం. మన దేశంలో రీఫ్ కట్టే కోరల్స్, సముద్రపు దోసకాయలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు.

రాళ్లు ఎప్పుడూ ముందు, ఇసుక తర్వాత. రాయిని నేరుగా అద్దం మీదో, పలచని ప్లాస్టిక్ జాలీ మీదో నిలబెట్టి, చుట్టూ ఇసుక పోయండి. ఇసుక మీద పెద్ద బల్లపరుపు రాయిని బోర్లిస్తే దాని కింద నీళ్లు కదలవు, నత్త దూరదు, సైఫన్ అందదు. నేను తెరిచి చూసిన ప్రతి ట్యాంకులోనూ మొదటి నలుపు ఉన్నది రాయి కిందే. రాళ్లకు మూడు, నాలుగు చిన్న కాళ్లలా పీవీసీ గొట్టపు ముక్కలు పెట్టి, అడుగు నుంచి రెండు వేళ్లు పైకి లేపితే ఇంకా మంచిది. ఇసుక తవ్వే గోబీలు ఉన్నా రాయి కూలదు.

మూడో అడుగు: నీళ్లు కదలాలి

270 లీటర్ల ట్యాంకులో వేవ్‌మేకర్లు, సంప్ నుంచి నీళ్లు పైకి పంపే రిటర్న్ పంప్ కలిపి గంటకు ట్యాంక్ నీటికి ఇరవై నుంచి నలభై రెట్లు తిప్పితే చాలు. అంటే సుమారు 5,400 నుంచి 10,800 లీటర్లు. అయితే అంకె కంటే ఎక్కడ ఆగిపోతోందన్నది ముఖ్యం. లైట్లు ఆపి, టార్చి పక్క నుంచి కొట్టి, చిటికెడు మేత పొడి వేసి చూడండి. పొడి ఎక్కడ గిరగిరా తిరిగి కింద కూర్చుంటుందో అదే రేపటి నల్ల మచ్చ. సాధారణంగా వెనక మూలలు, నీళ్లు సంప్‌లోకి దిగే ఓవర్‌ఫ్లో పెట్టె కాళ్ల దగ్గర, రాళ్ల గుట్ట వెనక భాగం. ఒక చిన్న పవర్‌హెడ్ పంపును అటు తిప్పితే సరిపోతుంది.

నీరు వేడెక్కితే ఆక్సిజన్ పట్టదు. 25 డిగ్రీల సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 6.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర 6.2కు పడుతుంది. అదే సమయంలో బ్యాక్టీరియా ఆకలి మాత్రం పెరుగుతుంది. హైదరాబాద్ మే నెలలో నీటిని చల్లబరిచే చిల్లర్ ఆగిపోయిందంటే అది కోరల్స్‌కే కాదు, ఇసుకకూ కష్టకాలమే.

నాలుగో అడుగు: మేత

ఇక్కడ ఎక్కువ చెప్పాల్సింది లేదు. రెండు మూడు నిమిషాల్లో తినేసేంత వేయండి. ఫ్రోజెన్ మైసిస్‌ను (రొయ్యలాంటి చిన్న జీవాల మేత) ముందు టీ జల్లెడలో వేసి ఆర్వో నీళ్లతో కడిగి వేయండి. కోరల్స్‌కు పొడి మేత వేసే రోజున పంపులు పావుగంటకు మించి ఆపకండి, ఆపితే ఆ పొడంతా ఇసుకలోకే పోతుంది.

ఐదో అడుగు: ఇసుకలో పనివాళ్లను పెట్టండి

మనిషి వారానికి ఒకసారి చేసే పనిని ఇవి రాత్రింబవళ్లు చేస్తాయి. 250 లీటర్ల ట్యాంకుకు ఎనిమిది, పది నసారియస్ నత్తలు, అన్నే సెరిత్ నత్తలు, ఒక టైగర్ కాంక్ నత్త ఉంటే ఇసుక పై రెండు సెంటీమీటర్లు ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. నసారియస్‌ను చూడటం నాకు ఇప్పటికీ ఇష్టం. మేత వాసన తగలగానే ఇసుకలోంచి తొండంలాంటి గొట్టం పైకెత్తి, ఒకదాని వెనక ఒకటి లేచి వస్తాయి. చాలామంది చూడగానే తీసి పారేసే బ్రిస్టిల్ వార్మ్‌లను కూడా ఉండనివ్వండి. అవి ఇసుకలో చేసే సొరంగాల గుండానే ఆక్సిజన్ ఉన్న నీళ్లు కిందికి దిగుతాయి.

ఇసుక జల్లెడ పట్టే డైమండ్ గోబీ బాగా పని చేస్తుంది గానీ, ఆరు నెలల్లో ఇసుకలోని పురుగులన్నీ తినేసి తర్వాత ఎండిపోతుంది. రోజుకు రెండు మూడు సార్లు విడిగా మేత వేయగలిగితేనే తెచ్చుకోండి. ఇసుకలో దూరే స్టార్ ఫిష్ కూడా అంతే, చిన్న ట్యాంకులో ఆకలితో చచ్చిపోతుంది. ఇసుక కింద చచ్చిన స్టార్ ఫిష్ కంటే పెద్ద సల్ఫైడ్ గని మరొకటి ఉండదు.

ఆరో అడుగు: సైఫన్ క్రమం

తక్కువ లోతు ఇసుక ఉన్నవాళ్లకే ఇది. ట్యాంక్ అడుగును మనసులో నాలుగు భాగాలు చేసుకోండి. వారం వారం వాటర్ ఛేంజ్‌లో ఒక్క భాగమే. వెడల్పు మూతి ఉన్న గొట్టాన్ని అడ్డంగా కాకుండా నిలువుగా అద్దం తగిలేదాకా దించండి. ఇసుక గొట్టంలో సగం దాకా లేవగానే వేలితో గొట్టాన్ని నొక్కితే ఇసుక కిందికి, చెత్త బకెట్లోకి పోతుంది. తర్వాత గొట్టం వెడల్పంత పక్కకు జరిపి మళ్లీ. నెల తిరిగేసరికి మొత్తం అయిపోతుంది.

ఒక్కసారే అంతా ఎందుకు చేయకూడదు? ఇసుకలోని బ్యాక్టీరియా, చిన్న జీవాలు సగానికి పైగా ఒకే రోజు చెదిరిపోతే అమ్మోనియా వచ్చే ప్రమాదం ఉంది. కింద కనపడని నలుపు ఏదైనా ఉంటే, పావు వంతు నుంచి వచ్చే సల్ఫైడ్‌ను ట్యాంక్ తట్టుకుంటుంది, మొత్తం నుంచి వచ్చేదాన్ని తట్టుకోలేదు.

ఆరు నెలలకు పైగా ఎవరూ ముట్టని ఇసుక ఉన్న ట్యాంకును కొన్నారా? లేదా మీరే నిర్లక్ష్యం చేశారా? అప్పుడు ఈ క్రమం మొదలుపెట్టకండి. నేరుగా పాత ఇసుక తీసే భాగానికి వెళ్లండి.

ఏడో అడుగు: నైట్రేట్‌ను సున్నా చేయకండి

రీఫ్ వాళ్లకు నైట్రేట్ అంటే శత్రువు. దాన్ని సున్నాకు దించాలని వోడ్కా, వెనిగర్, ఇంకా సీసాల్లో వచ్చే మందులు వాడతారు. నైట్రేట్‌ను వాడుకునే బ్యాక్టీరియాకు ఇలా తిండి పోయడాన్నే కార్బన్ డోసింగ్ అంటారు. కానీ పైన చెప్పిన వరుస గుర్తుంది కదా, నైట్రేట్ అయిపోతేనే సల్ఫేట్ వంతు వస్తుంది. ఇసుకలో నైట్రేట్ కొంచెమైనా ఉన్నంతవరకు సల్ఫైడ్ పుట్టడం అంతగా సాగదు. మురుగునీటి పైపుల్లో ఈ వాసన ఆపడానికి క్యాల్షియం నైట్రేట్ పోయడం వెనకా ఇదే సూత్రం ఉంది.

కాబట్టి నీటిలో నైట్రేట్‌ను 2 నుంచి 10 పీపీఎం మధ్య ఉంచండి. పరీక్షలో సున్నా వస్తే కార్బన్ డోసింగ్‌ను ముందు సగానికి తగ్గించండి, వారం తర్వాత మళ్లీ చూడండి. బయోపెల్లెట్ రియాక్టర్ (అదే తిండిని గుళికలుగా నింపిన గొట్టం) ఉంటే లోపలి గుళికలు ఎప్పుడూ దొర్లుతూ ఉండాలి. అవి ముద్దకట్టి నిలిచిపోతే ఆ రియాక్టరే చిన్న మురుగు కాలువ అవుతుంది. సల్ఫర్ డీనైట్రేటర్ (గంధకంతో నైట్రేట్‌ను తీసే పరికరం) వాడేవాళ్లు, దాని నుంచి వచ్చే నీళ్లు గుడ్డు వాసన వేస్తే నీటి వేగం కొంచెం పెంచండి. లోపల నైట్రేట్ అయిపోయిందని అది చెప్తోంది.

కరెంటు పోయినప్పుడు

పంపులు ఆగగానే ఇసుకలోకి ఆక్సిజన్ దిగడం ఆగిపోతుంది. నిండుగా చేపలున్న ట్యాంకులో కొన్ని గంటల్లోనే పైనీటి ఆక్సిజన్ కూడా పడిపోతుంది. కనీసం ఒక వేవ్‌మేకర్‌నైనా ఇన్వర్టర్ మీద పెట్టండి. అది లేనివాళ్లు పవర్ బ్యాంకుతో నడిచే చిన్న ఎయిర్ పంప్ కొనుక్కుని ట్యాంక్ పక్కనే ఉంచండి, అల్మరాలో వెతుక్కునే అవసరం రాకూడదు.

కనిస్టర్ ఫిల్టర్, రియాక్టర్ లాంటి మూసి ఉన్న పరికరాల గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. వాటిలోని నీళ్లు కదలకుండా రెండు మూడు గంటలు ఉంటే లోపలి ఆక్సిజన్ అయిపోతుంది, రాత్రంతా ఉంటే సల్ఫైడ్ పుట్టొచ్చు. కరెంటు రాగానే ఆ నీళ్లంతా ఒక్కసారిగా ట్యాంకులోకి వస్తాయి. అందుకే కరెంటు చాలాసేపు పోతే వాటి ప్లగ్ తీసేసి ఉంచండి. తర్వాత వాటిలోని నీళ్లు బకెట్లోకి పారబోసి, వాసన చూసి, కడిగి పెట్టండి.

ఇసుక ఎలా ఉందో కనుక్కోవడం

అద్దం అంచున కనిపించే పచ్చ, ఊదా చారలు వెలుతురు తగిలి పెరిగిన నాచు, సయనోబ్యాక్టీరియా. బుడగలు కనిపిస్తే అవి ఎక్కువగా నైట్రోజనో, నాచు వదిలే ఆక్సిజనో. వీటికి భయపడక్కర్లేదు. నలుపు మీద తెల్లటి దూదిలాంటి పొర పరుచుకుంటే మాత్రం జాగ్రత్త పడండి. అది సల్ఫైడ్‌ను తిని బతికే బెజ్జియాటోవా లాంటి బ్యాక్టీరియా కావచ్చు. అంటే సల్ఫైడ్ ఇసుక పైదాకా వచ్చేసిందన్నమాట.

ఖచ్చితంగా తెలుసుకోవాలంటే ఒక గట్టి ఎయిర్‌లైన్ గొట్టానికి 20 మిల్లీలీటర్ల సిరంజి తగిలించండి. గొట్టం కొనను ఇసుకలోకి మెల్లగా దించి, పది మిల్లీలీటర్లు చాలా నెమ్మదిగా లాగండి. బయటికి తీసి గిన్నెలో పోసి, చేత్తో గాలిని ముక్కు వైపు విసురుకుని వాసన చూడండి. మన ముక్కు ఈ వాయువును ఏ కిట్ కన్నా ముందే పట్టేస్తుంది. కాకపోతే ఎక్కువ మోతాదులో అదే ముక్కు మొద్దుబారుతుంది, వాసన పోయిందని మోసపోతాం. కాబట్టి ఈ పని కిటికీలు తెరిచి చేయండి. మూడు, నాలుగు చోట్ల ఇలా చూస్తే నలుపు ఎక్కడ విషంతో ఉందో, ఎక్కడ ఉత్త రంగేనో తేలిపోతుంది. సముద్రపు నీటికి పనికొచ్చే సల్ఫైడ్ కిట్ దొరికితే అదే నీటిని దానితోనూ చూడొచ్చు.

మీకంటే ముందే జీవాలు చెప్తాయి కూడా. మేత వేయకుండానే నసారియస్‌లు అన్నీ ఇసుకలోంచి లేచి అద్దం ఎక్కుతున్నాయా? పురుగులు పగటిపూట ఇసుక మీదికి వచ్చి మెలికలు తిరుగుతున్నాయా? కింద ఏదో జరుగుతోంది.

వాసన వచ్చేసిందంటే

ఈ వరుసలో చేయండి.

ముందు చేయి తీసేయండి. ఏ రాయి కదిపారో, ఏ ఇసుక గోకారో అక్కడే ఆపండి. సరిచేద్దామని ఇంకా కెలికితే ఇంకా వస్తుంది.

కిటికీలు తెరిచి, వేవ్‌మేకర్లను నీటి ఉపరితలం వైపు తిప్పి, ఉన్న ఎయిర్ స్టోన్లన్నీ పెట్టండి. స్కిమ్మర్‌ను (నురుగుతో మురికి తీసే పరికరం) పూర్తిగా తెరవండి. వాయువు బయటికి పోవాలి, ఆక్సిజన్ లోపలికి రావాలి, పీహెచ్ పడకూడదు. మూడింటికీ ఇదొక్కటే మందు.

సంప్‌లో కొత్త యాక్టివేటెడ్ కార్బన్‌ను నీళ్లు దాని గుండా పారేలా పెట్టండి. ఫాస్ఫేట్ కోసం వాడే ఐరన్ ఆక్సైడ్ మీ దగ్గర ఉంటే అది కూడా సల్ఫైడ్‌ను పట్టుకుంటుంది.

సిద్ధంగా కలిపిన ఉప్పు నీళ్లు ఉంటే పాతిక నుంచి ముప్పై శాతం మార్చండి. సాలినిటీ, వేడి కలిసేలా చూసుకోండి. అప్పటికప్పుడు కలిపిన నీళ్లు పోయకండి. ఈ అవసరం కోసమే నేను ఒక 60 లీటర్ల డ్రమ్ము ఎప్పుడూ కలిపి ఉంచుతాను.

చేపలు పైకి వచ్చి కొట్టుకుంటుంటే వాటిని వేరే నీళ్లలోకి, ఎయిర్ స్టోన్ ఉన్న బకెట్లోకి మార్చండి. కోరల్స్ ముడుచుకున్నా చాలావరకు తట్టుకుంటాయి. మర్నాడు, ఆ మర్నాడు అమ్మోనియా చూడండి, ఎందుకంటే ఇసుకలో చచ్చిన జీవాలు కుళ్ళడం అప్పుడు మొదలవుతుంది. ఆ మూడు రోజులు మేత సగానికి తగ్గించండి.

పాత ఇసుక తీయడం, ట్యాంక్ మార్చడం

నడుస్తున్న ట్యాంకులో లోతైన పాత ఇసుకను తీసేయాలంటే ఓపిక కావాలి. పది సెంటీమీటర్ల వెడల్పు పట్టీ చొప్పున, రెండు వారాలకు ఒకసారి తీయండి. ముప్పావు అంగుళం లేదా అంగుళం గొట్టం ఇసుకలోకే దించి, నీళ్లతో పాటు ఇసుకను నేరుగా బకెట్లోకి లాగండి. గరిటెతో తవ్వకండి, తవ్వితే అంతా నీటిలోకి లేస్తుంది. ఆ బకెట్ నీళ్లు వడగట్టి తిరిగి పోయాలని ఆశపడకండి, పారేయండి. ఆ రోజంతా కార్బన్ నడవాలి. నాలుగు అడుగుల ట్యాంకుకు ఇది ఆరు నెలల పని. నేను ఒక మిత్రుడి ట్యాంకుకు అలాగే చేశాను, ఒక్క నత్త కూడా పోలేదు.

ఇల్లు మారేటప్పుడు వరుస ఇది. ఇసుక కదలకముందే పైన తేటగా ఉన్న నీళ్లు అరవై, డెబ్బై శాతం డ్రమ్ముల్లోకి తోడండి. తర్వాత కోరల్స్, ఆ తర్వాత రాళ్లు, చివరగా చేపలు. రాళ్లు తీసేటప్పుడు కింద నలుపు లేస్తుంది, కాబట్టి ఒక్కో రాయిని విడి బకెట్లో ట్యాంక్ నీళ్లతో జాడించి అప్పుడు డబ్బాలో పెట్టండి. చేపల డబ్బాలకు ఎయిర్ పంప్ తప్పదు. మిగిలిన మురికి నీళ్లు పారబోయండి. ఇసుక పైపైన ఒక సెంటీమీటర్ నుంచి కప్పు నిండా తెల్లటి ఇసుకను విత్తనంలా దాచుకుని, మిగతాది మొత్తం తీసేయండి. కొత్త ఇంట్లో కడిగిన కొత్త ఇసుక వేసి, ఆ కప్పు ఇసుకను పైన చల్లండి. బ్యాక్టీరియా పోతుందన్న బెంగ వద్దు, అందులో చాలా భాగం రాళ్లలోనే ఉంటుంది. తెలియక ఇసుకను కాపాడుకుని చేపల్ని పోగొట్టుకున్నాను.

తీసిన నల్ల ఇసుకను మూత పెట్టిన బకెట్లో ఇంట్లో ఉంచకండి. డాబా మీద పాత టార్పాలిన్ వేసి పలచగా ఆరబోయండి. ఉప్పు ఉంటుంది కాబట్టి పూలకుండీల్లో వేయకండి. ఎండలో నలుపు మెల్లగా బూడిద రంగుకూ, తర్వాత లేత గోధుమ రంగుకూ తిరుగుతుంది, వాసన కూడా పోతుంది. ఐరన్ సల్ఫైడ్ గాలి తగిలి ఇనుప తుప్పుగా మారడమే అది. పంట తీశాక మా బాబాయి చెరువును నెర్రెలు విచ్చేదాకా ఎండబెట్టేదీ అందుకే. పోయినసారి వెళ్లినప్పుడు చెరువు మధ్యలో ఒక పెళ్ల తిప్పి చూపించాడు. పైన ఎర్రగా ఉంది, విరిస్తే లోపల ఇంకా నల్లగానే ఉంది. "ఇంకో వారం ఎండాలిరా" అన్నాడు.